రంజాన్ కుప్ప మీద పసుపు పట్టా

మా ఊళ్ళో సర్పంచి ఎన్నికలు పెట్టిన ఏడాది, అవి రాకముందే పత్తి పోయింది. తెల్లదోమ పట్టింది. ఎన్ని మందులు కొట్టినా ఆకుల మీద జిగురు మిగిలిందే గాని చెట్టుకి కాయ నిలవలేదు. ఊరందరికీ ఇక దిక్కు మిరప ఒక్కటే. ఆ కాయలు కోసి, కల్లంలో ఆరబోసి, ఇంకాస్త ఎండ తగిలితే గుంటూరు యార్డుకి తోలుకుపోదాం అనుకుంటున్న మార్చి నెలలో, మనిషన్నవాడు కల్లం వదిలి కదలకూడని రోజుల్లో, ఎన్నికలు తెచ్చి మా నెత్తిన పెట్టారు.

పంచాయతీ ఎన్నికలకి పార్టీలు లేవని పైవాళ్ళు చెప్పే మాట. ఊళ్ళో మాత్రం పున్నారావు గారు పాత పార్టీ, యలమందయ్య గారు కొత్త పార్టీ. ఈ రెంటిలో ఏదో ఒకటి కానివాడు మనిషి లెక్కలోకి రాడు.

ఎన్నికలంటే నాకు కోపమేమీ లేదు. ఎవడి ఓటు వాడిది. నేనూ ప్రతిసారీ వేశాను, నిలబడ్డ మనిషిని చూసి ఒకసారి అటు, ఒకసారి ఇటు. పెట్టెలో పడి ఊరుకోవాల్సిన ఓటు టీ కొట్లోకి, పెళ్ళి పందిట్లోకి, చివరికి చావింట్లోకి కూడా ఎందుకు వచ్చి కూర్చుందన్నదే నా కోపం. సంక్రాంతి వెళ్ళాక పక్క పేటలో పున్నమ్మ చచ్చిపోయింది. ఎంతమందికి పురుడు పోసిందో ఆ ముసలమ్మ. కొడుకు పాత పార్టీలో తిరుగుతున్నాడని కొత్త పార్టీ కుర్రాళ్ళు ఒక్కడంటే ఒక్కడు గుంట తవ్వడానికి రాలేదు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళేరా మీరంతా! తర్వాత కొత్త పార్టీ వాళ్ళింట్లో పెళ్ళయితే పాత పార్టీ వాళ్ళు భోజనానికి పోలేదు. పోకపోతే మానె, వండిన అన్నంలో ఏదో కలిపారని ఊరంతా చెప్పుకొచ్చారు. రాత్రయితే మైకు. ఒకడి అమ్మని ఇంకొకడు, ఇంకొకడి పెళ్ళాన్ని వీడు తిట్టడం. కింద కూర్చున్నవాళ్ళు ఈలలు. ఆ ఈలలు వేసేవాళ్ళు పొద్దున లేస్తే ఒకే బోరింగు దగ్గర బిందెలు పెట్టుకోవాల్సినవాళ్ళు.

మా పేటంతా కొత్త పార్టీ. దానికి పెద్ద జయరావు, మా అన్న వరస ఆయన కొడుకు. తెల్ల చొక్కా వేసుకుని ఒకరోజు నా ఇంటి ముందు నిలబడ్డాడు.

"బాబాయ్, పేటంతా ఒక మాట మీద ఉంటే నువ్వొక్కడివి విడిగా ఉంటావేంది? రేపు చర్చిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"దేవుడు కూర్చుంటాడు లేరా. ఆయనకింకా మీరు పార్టీ ఇవ్వలేదుగా."

లోపల్నించి మా ఆవిడ ఎలీసమ్మ పకపకా నవ్వింది. జయరావుకి నవ్వు రాలేదు.

"ఎంత ముట్టిందేంది బాబాయ్ అవతల్నుంచి?" అన్నాడు.

చూశారా. అవతలివాడి డబ్బు తింటేనో, ఇవతలివాడి డబ్బు తింటేనో తప్ప మనిషికి సొంతంగా ఒక అభిప్రాయం ఉండదని వాళ్ళ నమ్మకం. మర్నాడు పాత పార్టీ సుభానీ టీ కొట్లో సరిగ్గా ఆ మాటే అన్నాడు. "జక్రయ్యన్నకి యలమందయ్య గారు రహస్యంగా ఇస్తన్నాడంట, అందుకే నోరు మూసుకుని కూర్చున్నాడు" అని. ఆ రహస్యం వాళ్ళకి తెలిసింది గాని నాకే తెలియలేదు.

ఈ సుభానీ, రంజాన్‌కి బామ్మర్ది. రంజాన్ గురించి చెప్పాలి. నా కౌలు చేను, అతని కౌలు చేను ఒకే గట్టుకి అటూ ఇటూ. కాలవ నీళ్ళు వచ్చినప్పుడు నా వంతు నేను మేలుకుంటే అతను నిద్రపోయేవాడు, అతని వంతుకి నేను నిద్రపోయేవాణ్ణి. అతని భార్య ఖుర్షిదా నన్ను అన్నా అంటుంది, ఆ లెక్కన రంజాన్ నాకు బావ. ఎలీసమ్మ జ్వరంతో పడితే రంజానే సైకిలు మీద నల్లపాడు దాకా తీసుకుపోయి రైలెక్కించి గుంటూరు పెద్దాసుపత్రిలో చేర్పించాడు. అంత మనిషి, బామ్మర్ది పాత పార్టీలో చేరగానే తనూ చేరాడు. నేనడిగితే, "ఊళ్ళో బతకాలిగా బావా. నీ లాగా ఒంటరిగా ఉండే గుండె నాకు లేదు" అన్నాడు. అందులో తప్పేముంది? ఏమీ లేదు. ఆ తర్వాత జరిగిందే తప్పు.

మా ఊరి కల్లం ఊరి చివర బీడు. చిన్న రైతులందరి కాయలూ అక్కడే ఆరతాయి. పొద్దున పరుస్తారు, మధ్యాహ్నం తిప్పుతారు, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు. కాయ చేతిలో పట్టుకుంటే గలగలమనాలి, అప్పుడు యార్డుకి. మధ్యలో వాన తగిలిందా, ఎర్ర కాయ తెల్లబడి తాలయిపోతుంది. తాలు కాయని యార్డులో కాలితో తోస్తారు. అందుకే మా తాతల కాలం నుంచి కల్లంలో ఒక పద్ధతి ఉంది. మబ్బు పట్టిందంటే ముందు కప్పాల్సింది సొంత కుప్ప కాదు. ఎవడు కల్లంలో లేడో వాడి కుప్ప ముందు కప్పాలి. ఉన్నవాడు తనది తను చూసుకోగలడు, లేనివాడు చూసుకోలేడు. ఎవడూ ఎవడికీ నేర్పలేదు, అందరికీ వచ్చు. పోట్లాడుకుని మాటలు లేనివాళ్ళు కూడా ఒకడి కుప్ప ఒకడు కప్పి, మళ్ళీ మాటలు లేకుండానే ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ ఎన్నికలకి రెండు పార్టీలూ ఓటర్లకి పట్టాలు పంచాయి. మంచి ప్లాస్టిక్ పట్టాలు. పాత పార్టీవి నీలం, కొత్త పార్టీవి పసుపు. కల్లంలో కుప్పల మీద అవి కప్పితే దూరం నుంచే తెలిసిపోవాలి, ఎవడు ఎటో. ఆ తెలివి ఎవడిదో గాని రెండు పార్టీలకీ ఒకేసారి వచ్చింది. నేను రెండూ తీసుకోలేదు. నా కుప్ప మీద గోతాలు విప్పి కుట్టుకున్న పాత బరకం ఉంది, అది చాలు అన్నాను.

అంతటితో ఆగారా? ఒక పొద్దున వెళ్ళేసరికి కల్లం మధ్యలో సున్నంతో గీత గీసి ఉంది, కబడ్డీ ఆటకి గీసినట్టు. అటు నీలం, ఇటు పసుపు. నా కుప్ప సరిగ్గా గీత మీద. జయరావూ సుభానీ ఇద్దరూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒకటే మాట మీద ఉన్నారు.

"అన్నా, అటో ఇటో జరుపుకో."

"జరపను. ఇక్కడే మా నాయన ఆరబోశాడు. గీత మీరు గీసుకున్నారు, నేను కాదు."

"అటూ ఇటూ కానోడివి అంటారు బాబాయ్ నిన్ను."

"అననీరా. అటున్నోడూ మనిషి కాకుండా పోయె, ఇటున్నోడూ మనిషి కాకుండా పోయె. నేనొక్కణ్ణన్నా మిగులుతా."

ఓట్లు ఇంకో మూడు రోజులున్నాయనగా పాత పార్టీ వాళ్ళు పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. ఎండగా ఉంది, జనానికి నీడ కావాలి. ఏం చేశారు? కప్పుకోమని పంచిన నీలం పట్టాల్లో, కాయ ఇళ్ళకి చేర్చుకున్నవాళ్ళవి, సాయంత్రానికి తిరిగిస్తామని, కల్లం నుంచి మళ్ళీ పట్టుకుపోయి పందిరి వేశారు. అవి చాలక రంజాన్ పట్టా కూడా పోయింది, రంజాన్ కూడా పోయాడు. ఖుర్షిదా ఇంటి దగ్గరుంది.

కొత్త పార్టీ వాళ్ళు వీధుల్లో జెండాలు పట్టుకు తిరుగుతున్నారు. కల్లంలో నేను, ఎలీసమ్మ, తాలు ఏరే ఆడవాళ్ళు కొందరు మిగిలాం.

మధ్యాహ్నం దాటాక పడమట మబ్బు లేచింది. మార్చిలో ఏం వానలే అనుకుంటుండగానే గాలి తిరిగింది. కారం దుమ్ము లేచి అందరం తుమ్ముతున్నాం. చినుకు వాసన వచ్చింది.

"లాగండే, కుప్పలు లాగండి!" అని అరిచాను.

ఆడవాళ్ళు తలా ఒక కుప్ప పట్టుకున్నారు. ఎలీసమ్మ మా కుప్ప వైపు పరిగెత్తింది.

"అది కాదు, ముందు రంజాన్‌ది! అతను లేడు!"

ఇద్దరం చెక్క పారలతో రంజాన్ కాయల్ని కుప్పకి లాగాం. పైన వేయడానికి పట్టా లేదు. చూస్తే గీతకి ఇవతల జయరావు వాళ్ళమ్మ చోటు, కాయలు మూటలు కట్టి ఇంటికి చేర్చేసి ఖాళీగా ఉంది. ఆమె పసుపు పట్టా మడిచి ఇటికరాళ్ళ కింద పెట్టి ఉంది, ఎవరికీ పనికిరాకుండా. నేను ఆలోచించలేదు. ఆలోచించడానికి అందులో ఏముంది? తీసి కప్పేశాను. నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, అప్పుడు మా బరకం దగ్గరకి పరిగెత్తాం. టపటపా చినుకులు మొదలయ్యాయి.

అప్పటికి రెండు వైపుల నుంచీ జనం కల్లానికి పరిగెత్తుకొచ్చారు. ముందు జయరావు మనుషులు వచ్చారు. రంజాన్ కుప్ప మీద తమ పట్టా చూశారు. చూసి ఊరుకోవచ్చుగా?

"ఒరేయ్! రంజాన్ మన పట్టా కింద దూరాడ్రోయ్!" అని జయరావు కేక.

ఈలలు. చప్పట్లు.

"అక్కడ బిర్యానీ తిని ఇక్కడ పడుకుందామని వచ్చాడ్రా!"

ఆ మాట వినపడేటప్పటికి రంజాన్ వస్తూనే ఉన్నాడు, వెనక సుభానీ, వాళ్ళ వెనక పాత పార్టీ మంద. రంజాన్ పట్టా చూసి ఆగిపోయాడు.

"బావా, ఏందిది? ఎప్పుడు మారావు?" అన్నాడు సుభానీ.

"నేను కాదురా. నాకేం తెలుసు? నేను నీ పక్కనే ఉన్నాగా!"

"నేను కప్పాను" అన్నాను. "కుప్ప తడుస్తుంటే ఏది దొరికితే అది కప్పాను. దానికిదంతా ఏంది?"

"నువ్వు కప్పావో వాళ్ళు కప్పించారో, చూసేవాళ్ళకేం తెలుసు? తియ్యి బావా దాన్ని. పున్నారావు గారి చెవిన పడితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మన పట్టా రానీరా ముందు" అన్నాడు రంజాన్.

"పందిరి విప్పుతున్నారు, వస్తది. నువ్వు ముందిది తియ్యి."

ఇవతల్నుంచి జయరావు, "తియ్యడ్రా, తీస్తే తడుస్తాడు! యలమందయ్య గారి నీడ అలవాటైపోయింది మావోడికి!" అన్నాడు.

రంజాన్ ఒక రాయి కాలితో తన్నాడు. పట్టా కొస పట్టుకుని లాగాడు. నేను రెండో కొస పట్టుకున్నాను.

"ఒరేయ్, కాయలు పోతాయిరా! పత్తి పోయింది, ఇవీ పోతే ఏం తింటావురా?"

"వదులు బావా."

"వదలను."

"వదలమంటున్నానా! నా కాయలు, నా ఇష్టం!"

చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు నా మీద అట్లా అరవడం అదే మొదలు. నా చేతుల్లో పట్టా బిర్రున చిరిగింది. మిగతాది తనే లాగి బురదలో పారేశాడు. అప్పుడు పడింది వాన, మార్చి నెల వాన, కోపం వచ్చినట్టు పడింది. ఎర్రటి కుప్ప, నెత్తిన ఏమీ లేకుండా. పాత పార్టీ వాళ్ళు ఈసారి చప్పట్లు కొట్టారు. "శెభాష్ రంజాన్!" అన్నారు. గీతకి అటు చప్పట్లు, ఇటు నవ్వులు. ఇంతమంది మగాళ్ళు నిలబడి ఒక మనిషి ఏడాది కష్టం నీళ్ళల్లో నానుతుంటే చూసి చప్పట్లు కొట్టారంటే, అది నేను చూశాను గనక నమ్ముతున్నాను.

నీలం పట్టా వచ్చింది. పందిరికి వేసిన ముడులు విప్పలేక, చివరికి తాళ్ళు కోసి తెచ్చారు. అప్పటికి వాన వెలిసింది.

ఖుర్షిదా పైట కొంగు నెత్తిన కప్పుకుని పరిగెత్తుకొచ్చింది. కుప్ప చూసింది. బురదలో పసుపు పట్టా చూసింది.

"ఎవరు తీశారు?"

సుభానీ రంజాన్ వైపు చూశాడు.

"నేనే" అన్నాడు రంజాన్.

"ఎందుకు?"

సుభానీ కలగజేసుకున్నాడు.

"అక్కా, పరువు సంగతి. పదిమందిలో..."

"పరువా? యార్డులో పరువు కొనేవాడెవడన్నా ఉంటే చెప్పు తమ్ముడూ, గోతాల్లో తొక్కి పంపిస్తా."

ఆమె అంత మాటే అని కూర్చుని కుప్పలోంచి తడి కాయల్ని చేత్తో పక్కకి తోడటం మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

మర్నాడు పొద్దున్నే జయరావు మా గుమ్మంలో ఉన్నాడు.

"బాబాయ్, మా పట్టా చిరిగింది. రంజాన్ కావాలనే చింపాడని నలుగురిలో నువ్వు చెప్పాలి. యలమందయ్య గారు పోలీసు స్టేషనుకి పోదామంటున్నారు. నువ్వు ఏ పార్టీ కాదు గనక నీ మాటకి విలువ."

చూశారా, ఇప్పుడు విలువ వచ్చింది నాకు. అతను వెళ్ళీ వెళ్ళకముందే సుభానీ.

"అన్నా, వాళ్ళే దౌర్జన్యంగా మా బావ కుప్ప మీద పట్టా కప్పి అవమానం చేశారని నువ్వొక్క మాట అంటే చాలు. సాయంత్రం మైకులో పున్నారావు గారు ఆ సంగతే ఎత్తుతారు. ఏ పార్టీ లేనోడివి, నువ్వు చెబితే జనం నమ్ముతారు."

నేను అరుగు దిగి వీధిలోకి వచ్చాను. జయరావు ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు. ఇద్దర్నీ పిలిచాను, వీధంతా వినేటట్టు.

"ఒరేయ్, ఇద్దరూ వినండి. కప్పింది నేను. లాగింది రంజాన్. చింపింది మేమిద్దరం. లాగేటట్టు ఎగతాళి చేసింది నువ్వు జయరావు, లాగమంది నువ్వు సుభానీ. ఇదీ జరిగింది. ఇదే చెబుతా, ఎక్కడైనా చెబుతా, మైకు నోటి దగ్గర పెట్టండి ఇదే చెబుతా. పొద్దున్నుంచీ ఇద్దరూ వచ్చి పట్టా గురించి మాట్లాడుతున్నారు. ఆ పట్టా కింద కాయలుండె గదరా! అవేమయినయ్ అని ఒక్కడన్నా అడిగాడా? సిగ్గుందా మీకు?"

"ఇట్టా మాట్లాడితే ఇద్దరికీ కానోడివైపోతావు అన్నా" అన్నాడు సుభానీ.

"ఇప్పుడెవడికి అయినోణ్ణిరా?"

జయరావు మాత్రం తల ఊపుతూ, "బాబాయ్‌కి అవతల్నుంచి గట్టిగానే ముట్టింది" అని వీధిలోవాళ్ళతో అంటూ పోయాడు. వీళ్ళతో ఏం మాట్లాడతాం?

నేనూ ఎలీసమ్మా పారలు తీసుకుని కల్లానికి పోయాం. తడిసిన కాయని ఎండ తగలగానే పలచగా పరిచి, తిప్పుతూ తిప్పుతూ ఉండాలి. వదిలేస్తే సాయంత్రానికి బూజు. దానికి చేతులు కావాలి. కొత్త పార్టీ ఆడవాళ్ళు గీత దాటి వస్తే ఇంట్లో తంతారు. పాత పార్టీ వాళ్ళంతా ఆఖరి రోజు ఊరేగింపుకి తయారవుతున్నారు. నిన్న శెభాష్ అన్న నోళ్ళు ఇవ్వాళ కల్లం వైపు రాలేదు. రంజాన్, ఖుర్షిదా ఇద్దరే, చెరొక మూలా, మాటా పలుకూ లేకుండా కాయ పరుస్తున్నారు. మేం మధ్యలో దిగాం. రంజాన్ తలెత్తలేదు.

కాయ పరుస్తూనే అతనన్నాడు.

"నువ్వా పసుపుది కప్పకుండా ఉంటే అయిపోయేది బావా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "కప్పకపోతే మాత్రం తడవవా? అప్పుడూ ఇంతేగా!"

"తడిసేవి. వాన చేసిందని ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నేను చేసుకున్నట్టయింది."

అవతల్నుంచి ఖుర్షిదా చెప్పింది, కాయ మీద నుంచి చూపు తిప్పకుండానే.

"చేసుకున్నట్టవడమేంది? చేసుకున్నావు."

ఎండ పైకొచ్చింది. పై వరస కాయలు కొన్ని తేరుకుంటున్నాయి. అడుగువి అప్పుడే తెల్లటి మచ్చలు పడ్డాయి. ఎలీసమ్మ తాలు ఏరి ఒక పక్కకి వేస్తోంది. ఆ పక్క పోగు ఎర్ర పోగు కంటే త్వరగా పెరుగుతోంది. ఎవరం దాని వైపు చూడటం లేదు.

ఊళ్ళో మైకు మోగింది. కార్యకర్తలందరూ రావాలి అంటున్నారు. సుభానీ సైకిలు మీద కల్లం గట్టు దాకా వచ్చి దిగకుండానే కేకేశాడు.

"బావా, రా! పున్నారావు గారు నీ పేరు చెప్పి అడుగుతున్నారు. జెండా నువ్వే పట్టుకోవాలంట ముందు, నిన్నటి దానికి!"

రంజాన్ నడుం నిలబెట్టాడు. చేతులకి అంటిన గింజలు దులుపుకున్నాడు. చెప్పుల కోసం చూస్తున్నాడు.

"ఎక్కడికిరా?" అన్నాను. "తిప్పకపోతే సగం కూడా దక్కవు. తెలీదా నీకు?"

"తెలుసు బావా."

"తెలిసి పోతావా? వాళ్ళు నీ కాయలు చూశారా? ఒక్కడొచ్చి ఒక్క కాయ తిప్పాడా?"

రంజాన్ నా మొహం వైపు చూశాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారమో, నిద్ర లేకో.

"ఇంత పోగొట్టుకున్నాను. ఇప్పుడు గూడా పోకపోతే ఇదంతా దేనికి పోగొట్టుకున్నట్టు, చెప్పు?"

చెప్పులు తొడుక్కుని గట్టెక్కాడు. సుభానీ సైకిలు వెనక కూర్చున్నాడు. నేను పార పట్టుకుని గట్టు దాకా పరిగెత్తాను. నా నోటికి ఎన్ని వచ్చో అన్నీ తిట్టాను. రంజాన్‌ని, సుభానీని, జయరావుని, పున్నారావు గారిని, యలమందయ్య గారిని, గీత గీసినవాణ్ణి, పట్టాలు పంచినవాణ్ణి, చప్పట్లు కొట్టిన ప్రతివాణ్ణి పేరు పెట్టి తిట్టాను. సైకిలు చింతల మలుపు తిరిగి పోయింది. మైకు మోతలో నా మాట నాకే వినపడలేదు.

"అన్నా" అంది వెనక నుంచి ఖుర్షిదా. "అరవకు అన్నా. ఆ పడమటి వరస ఎవరూ తిప్పలేదు. ఎండ పోతే మళ్ళీ రాదు."